పాత ల్యాప్‌టాప్ ప్రాసెసరును, పాత ఎంబెడెడ్ ప్రాసెసరును పోల్చి చూడటం ఎలా?

పదేళ్ళు దాటిన ల్యాప్‌టాప్ ఒకటి, ఏ ప్రకటనల తెర వెనకనుంచో పరిశ్రమలోని నియంత్రణ పెట్టెలోంచో బయటికి వచ్చిన చిన్న ఎంబెడెడ్ బోర్డు ఒకటి చేతిలో ఉన్నప్పుడు, వీటిలో దేన్ని ఫైల్ సర్వరుగా పెట్టుకోవాలి, దేన్ని ఫైర్‌వాల్‌గా మార్చుకోవాలి, దేన్ని రోజువారీ పనికి ఉంచుకోవాలి అన్న ప్రశ్న వస్తుంది. చాలామంది రెండు ప్రాసెసర్ల పేర్లు పక్కపక్కన రాసుకుని, కోర్ల సంఖ్యనూ గిగాహెర్ట్జ్‌నూ చూసి, ఎక్కడో దొరికిన ఒక బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోరుతో తేల్చేస్తారు. ఒకే తరానికి, ఒకే అవసరానికి తయారైన చిప్‌ల మధ్య ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. వేర్వేరు అవసరాలకు తయారై, వయసు కూడా మీదపడిన చిప్‌ల మధ్య అది తరచుగా తప్పుదారి పట్టిస్తుంది. పాత ప్రాసెసరును ఎంచుకునేటప్పుడు ముందుగా తేల్చుకోవలసినది అది మనకు కావలసిన పని అసలు చేయగలదా లేదా అన్నది. ఎంత వేగంగా చేస్తుందన్నది ఆ తర్వాతి సంగతి. వేగం కాస్త తక్కువైతే సర్దుకుపోవచ్చు గానీ, చిప్‌లో లేని సూచనలను (ప్రాసెసర్ నేరుగా అమలు చేయగల ఆదేశాలను), బోర్డు మీద లేని పోర్టును తర్వాత ఎవరూ తెచ్చి పెట్టలేరు.

ఈ వ్యాసం పొడవునా రెండు నిజమైన ప్రాసెసర్లను ఉదాహరణగా తీసుకుంటాను. ఒకటి ఇంటెల్ కోర్ ఐ5-3320ఎం. ఇది 2012లో వచ్చిన ఐవీ బ్రిడ్జ్ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్. రెండు కోర్లు, నాలుగు త్రెడ్‌లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు), 2.6 గిగాహెర్ట్జ్ మూల వేగం, 3.3 గిగాహెర్ట్జ్ టర్బో వేగం (అవసరమైనప్పుడు అందుకునే పై వేగం), 35 వాట్ల టీడీపీ (చల్లబరచే ఏర్పాటు తట్టుకోవలసిన వేడి) దీని లెక్కలు. రెండోది ఇంటెల్ ఆటమ్ ఈ3845. ఇది 2013 చివర్లో వచ్చిన బే ట్రెయిల్ కుటుంబపు ఎంబెడెడ్ ప్రాసెసర్. నాలుగు కోర్లు, నాలుగు త్రెడ్‌లు, 1.91 గిగాహెర్ట్జ్ వేగం, 10 వాట్ల టీడీపీ. దీనికి టర్బో లేదు. రెండూ 22 నానోమీటర్ల సాంకేతికతతోనే తయారయ్యాయి కాబట్టి, వీటి మధ్య కనిపించే తేడా దాదాపు అంతా రూపకల్పనలో నుంచి వచ్చినదే. పోలిక నేర్చుకోవడానికి ఇంత అనువైన జంట సులభంగా దొరకదు. మీ దగ్గర ఉన్నవి వేరే మోడళ్ళైనా పద్ధతి ఇదే.

పేరు చివరి అక్షరం దాకా చదవాలి

ల్యాప్‌టాప్ మీది స్టిక్కరు "కోర్ ఐ5" అని మాత్రమే చెబుతుంది. దాన్ని పట్టుకుని పోలిక మొదలుపెట్టకూడదు. ఐ5-3210ఎం, ఐ5-3320ఎం రెండూ ఒకే తరానివి, రెండింటికీ 35 వాట్లే. అయినా ఒక పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషిన్‌కు (ఒక యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటరుకు) అప్పగించడానికి కావలసిన వీటీ-డీ సదుపాయం రెండో దానిలో ఉంది, మొదటి దానిలో లేదు. అదే తరపు ఐ3-3110ఎంలో టర్బో లేదు, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ సూచనలు కూడా లేవు.

ఎంబెడెడ్ వైపు కూడా ఇదే చిక్కు ఉంది. బే ట్రెయిల్ కుటుంబంలోనే సెలెరాన్ జే1900 అనే ప్రాసెసర్ ఉంది. దానికీ నాలుగు కోర్లు, దానికీ 10 వాట్లు, పైగా అది 2.42 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. కాగితం మీద ఈ3845 కంటే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఏఈఎస్ సూచనలు ఈ3845లో ఉన్నాయి, జే1900లో లేవు. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టుకునేవారికి ఈ ఒక్క తేడా ఆ అర గిగాహెర్ట్జ్ లాభాన్ని మించిపోతుంది.

పేరు చివర ఉండే అక్షరాలకు కూడా అర్థముంది. ఇంటెల్ ఆ తరంలో "ఎం"ను ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు, "యూ"ను తక్కువ విద్యుత్తుతో నడిచేవాటికి, "క్యూఎం"ను నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు పెట్టింది. చివర "ఈ" కూడా చేరితే అది ఎంబెడెడ్ వాడకానికి, ఎక్కువ సంవత్సరాలు సరఫరాలో ఉంచడానికి ఉద్దేశించినదని అర్థం. ఐ5-3610ఎంఈ అలాంటిదే. కాబట్టి ల్యాప్‌టాప్ ప్రాసెసర్ అన్నంత మాత్రాన ఎంబెడెడ్ కాదని, ఎంబెడెడ్ అన్నంత మాత్రాన బలహీనమని అనుకోకూడదు. పేరులోని అంకెను వేగంగా భావించడం కూడా పొరపాటే. ఒకప్పుడు చిన్న పరికరాల్లో విరివిగా కనిపించిన ఏఎండీ జియోడ్ ఎల్ఎక్స్ 800 నడిచేది 500 మెగాహెర్ట్జ్ మీద.

చేతిలో ఉన్న యంత్రంలో ఏ ప్రాసెసర్ ఉందో పెట్టె మీద చూసి నమ్మకుండా యంత్రాన్నే అడగాలి. లైనక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ ఆదేశం, విండోస్‌లో సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకు సరిపోతాయి. మన ఐ5 అయితే ఎల్ఎస్‌సీపీయూ ఫ్యామిలీ 6, మోడల్ 58, స్టెప్పింగ్ (చిప్ సవరణ సంఖ్య) 9 అని చూపిస్తుంది. ఆటమ్ అయితే ఫ్యామిలీ 6, మోడల్ 55 అని చూపిస్తుంది. ఈ 55 అన్న అంకె బే ట్రెయిల్ కుటుంబమంతటికీ ఒకటే కనుక, మోడల్ పేరున్న వరుసను కూడా చూడాలి. స్టెప్పింగ్ అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, దానితో తర్వాత పని ఉంది.

చేయగలదా, లేదా?

ఎల్ఎస్‌సీపీయూ చూపించే వరుసల్లో "ఫ్లాగ్స్" అని ఒక పొడవాటి జాబితా ఉంటుంది. దాన్ని చాలామంది చూడకుండా వదిలేస్తారు గానీ, పాత ప్రాసెసర్ల పోలికలో అంతకంటే విలువైన సమాచారం మరొకటి లేదు. అందులో వెతకవలసినవి ముఖ్యంగా మూడు: ఏఈఎస్, ఏవీఎక్స్, ఏవీఎక్స్2 (చివరి రెండూ ఒకే సూచనతో చాలా అంకెల మీద ఒకేసారి లెక్క చేసేవి). మన ఐ5లో ఏఈఎస్, ఏవీఎక్స్ ఉన్నాయి, ఏవీఎక్స్2 లేదు. ఆటమ్‌లో ఏఈఎస్ మాత్రమే ఉంది.

ఏవీఎక్స్ లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూడండి. మాంగోడీబీ డేటాబేస్ 5.0 వెర్షన్ నుంచి ఎక్స్86 యంత్రాల మీద ఏవీఎక్స్ ఉండి తీరాలని కోరుతుంది. ఆటమ్ మీద దాన్ని ఇన్‌స్టాల్ చేయడంలో ఇబ్బందేమీ కనిపించదు. సర్వీసు మొదలుపెట్టగానే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అన్న ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. టెన్సర్‌ఫ్లో సిద్ధపరచి ఇచ్చే ప్యాకేజీలు కూడా 2018లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ఏవీఎక్స్‌ను ఆశిస్తాయి. మెమరీ ఎంత పెంచినా, ఎస్ఎస్‌డీ ఎంత మంచిది వేసినా ఈ గోడ కదలదు. మీరు నడపదలచిన ప్రోగ్రాముల కనీస అవసరాలను ముందే చదివి ఫ్లాగ్స్ వరుసతో సరిచూసుకోవడానికి పట్టే కొద్ది నిమిషాలు తర్వాత గంటల కొద్దీ శ్రమను తప్పిస్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో మాత్రం ఈ రెండింటి పరిస్థితి దాదాపు ఒకటే. లైనక్స్ పంపిణీలు ఎక్స్86-64 ప్రాసెసర్లను స్థాయిలుగా విభజించి, కొత్త వెర్షన్లలో కనీస స్థాయిని పెంచుతూ వస్తున్నాయి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9కి రెండో స్థాయి చాలు కాబట్టి రెండు ప్రాసెసర్లూ సరిపోతాయి. 10వ వెర్షన్ మూడో స్థాయిని కోరుతుంది. ఏవీఎక్స్2 ఆ స్థాయిలో భాగం కావడం వల్ల రెండూ అక్కడ ఆగిపోతాయి. విండోస్ 11 అధికారిక జాబితాలోనూ రెండింటికీ చోటు లేదు. డెబియన్ వంటి పంపిణీలు ఇప్పటికీ మొదటి స్థాయి ప్రాసెసర్లను కూడా ఆదరిస్తున్నాయి కనుక పాత యంత్రాలకు నా మొగ్గు అటే.

వర్చువలైజేషన్‌కు వస్తే, వీటీ-ఎక్స్ (వర్చువల్ మెషిన్లను నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే సాయం) రెండింటిలోనూ ఉంది; వీటీ-డీ ఐ5లో మాత్రమే ఉంది. ఒక వర్చువల్ మెషిన్‌కు నెట్‌వర్క్ కార్డును నేరుగా అప్పగించాలంటే ఆటమ్ పనికిరాదు. ఐ5లో కూడా బయోస్ (యంత్రం మొదలవగానే నడిచే అమరికల ప్రోగ్రాము) ఆ సదుపాయాన్ని తెరిచి ఉంచితేనే పని జరుగుతుంది. కనుక చిప్ వివరాలు చదివి ఊరుకోకుండా బయోస్‌లోకి వెళ్ళి కళ్ళారా చూడాలి.

మెమరీ పరిమితి మరో ముఖ్యమైన విషయం. ఆటమ్ ఈ3845 గరిష్ఠంగా 8 జీబీ మెమరీనే గుర్తిస్తుంది. ఐ5-3320ఎం పరిమితి కాగితం మీద 32 జీబీ అయినా, రెండే స్లాట్లున్న ల్యాప్‌టాప్‌లో, ఆ తరానికి సరిపడే ర్యామ్ ఒక్కొక్కటి 8 జీబీకి మించదు కనుక ఆచరణలో 16 జీబీ అనుకోవాలి. ఆటమ్‌కు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామే వేయాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన 1.5 వోల్టుల డీడీఆర్3 ముక్కను తెచ్చి ఆటమ్ బోర్డులో పెట్టి, తెర వెలగలేదని బోర్డునే పాడైందనుకునేవారు ఉంటారు. ర్యామ్ స్టిక్కరు మీద "పీసీ3ఎల్" అని ఉందో లేదో చూస్తే ఆ సందేహం తీరిపోతుంది.

ఆటమ్‌కు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మెమరీలో దొర్లే ఒక బిట్ తప్పును తనంతట తాను సరిదిద్దే ఈసీసీ మెమరీని అది ఆదరిస్తుంది, ఐ5-3320ఎం ఆదరించదు. అయితే చిప్ ఆదరిస్తే చాలదు, బోర్డు తయారీదారు అందుకు కావలసిన తీగలు వేసి ఉండాలి, ఈసీసీ ర్యామే అమర్చి ఉండాలి. లైనక్స్‌లో డీఎంఐడీకోడ్ ఆదేశంతో మెమరీ వివరాలు అడిగినప్పుడు డేటా వెడల్పు 64 బిట్లు, మొత్తం వెడల్పు 72 బిట్లు అని కనిపిస్తే ఈసీసీ ర్యామ్ అమర్చి ఉందని గ్రహించవచ్చు. రెండూ 64 అయితే అది మామూలు మెమరీయే. సంవత్సరాల తరబడి ఆపకుండా నడిచే ఫైల్ సర్వరుకు ఈ సదుపాయం నిజంగా విలువైనది.

ఇక పోర్టులు. ఈ3845 లోపలే చిప్‌సెట్ (డిస్కులను, పోర్టులను ప్రాసెసరుకు కలిపే చిప్) పని కూడా ఇమిడి ఉంది: డిస్కులు తగిలించే రెండు సాటా పోర్టులు సెకనుకు 3 గిగాబిట్ల వేగంతో, ఒక యూఎస్‌బీ 3.0 పోర్టు, అదనపు కార్డుల కోసం నాలుగు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 లేన్లు. ఐ5కు విడిగా చిప్‌సెట్ అవసరం; ఉదాహరణకు క్యూఎం77 చిప్‌సెట్ ఆరు సాటా పోర్టులను ఇస్తుంది, వాటిలో రెండు 6 గిగాబిట్లవి. కానీ ల్యాప్‌టాప్ తయారీదారు వాటిలో ఎన్నింటిని బయటికి తెచ్చాడన్నదే మనకు లెక్క. సాటా వేగం సగమే కదా అని ఆటమ్‌ను తోసిపుచ్చనక్కర్లేదు. ఫైల్ సర్వరులోని సమాచారం గిగాబిట్ నెట్‌వర్క్ గుండానే బయటికి వెళ్ళాలి, ఆ దారిలో సెకనుకు 120 మెగాబైట్లు దాటడం కష్టం. 3 గిగాబిట్ల సాటా అంతకు రెండింతలకు పైగా మోస్తుంది.

కాగితం మీది వేగాన్ని అర్థం చేసుకోవడం

గిగాహెర్ట్జ్ అనేది సెకనుకు వేసే అడుగుల సంఖ్య. అడుగు పొడవును అది చెప్పదు. ఐవీ బ్రిడ్జ్ ఒక్కో క్లాక్‌కు నాలుగు సూచనలను విడమరచగలిగేలా, 168 సూచనలను ఒకేసారి కనిపెట్టి ఉండి వీలైన క్రమంలో నడిపేలా తయారైంది. ఆటమ్‌లోని సిల్వర్‌మాంట్ కోర్ ఒక్కో క్లాక్‌కు రెండు సూచనలతో, 32 సూచనల కిటికీతో సరిపెట్టుకుంటుంది. క్యాష్‌లోనూ (కోర్ల పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలోనూ) ఇదే పోలిక కనిపిస్తుంది. ఐ5లో ఒక్కో కోర్‌కు సొంతంగా 256 కేబీ రెండో స్థాయి క్యాష్, ఆ పైన అందరికీ కలిపి 3 ఎంబీ మూడో స్థాయి క్యాష్ ఉన్నాయి. ఆటమ్‌లో మూడో స్థాయి లేదు. రెండేసి కోర్లు ఒక్కో ఎంబీని పంచుకుంటాయి. ఈ కారణాలన్నీ కలిసి, ఒకే త్రెడ్ మీద నడిచే పనిలో ఐ5 దాదాపు మూడింతల వేగంతో ఉంటుంది. నాలుగు త్రెడ్‌లనూ వాడే పనిలో ఆటమ్‌కు నాలుగు నిజమైన కోర్లు ఉండటం వల్ల ఆ దూరం తగ్గి రెండింతలకు అటూ ఇటూ వస్తుంది. కోర్లు ఎక్కువ కనుక ఆటమ్‌దే పైచేయి అన్న అంచనా ఇక్కడ నిలవదు.

గ్రాఫిక్స్ విషయం త్వరగా తేలిపోతుంది. రెండింటిలో ఉన్నదీ ఇంటెల్ ఏడో తరం గ్రాఫిక్సే. ఐ5లో 16 ఎగ్జిక్యూషన్ యూనిట్లు, ఆటమ్‌లో 4. హెచ్.264 వీడియోను రెండూ హార్డ్‌వేర్‌తో విప్పుతాయి. హెచ్ఈవీసీ, వీపీ9 రకాలను రెండింటిలో ఏదీ హార్డ్‌వేర్‌తో విప్పలేదు, ఆ భారం కోర్ల మీదే పడుతుంది. అప్పుడు ఐ5 ఫ్యాన్ మోతతో నెట్టుకొస్తుంది, ఆటమ్ వెనకబడిపోతుంది.

సొంతంగా కొలవడం

దొరికిన స్కోర్లను పోల్చడంలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. బెంచ్‌మార్క్ ప్రోగ్రాముల వెర్షన్లు మారితే కొలమానం కూడా మారుతుంది. గీక్‌బెంచ్ 4 స్కోరునూ గీక్‌బెంచ్ 5 స్కోరునూ పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడిన తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చేరిన రక్షణల వల్ల కొన్ని పనులు నెమ్మదించాయి కనుక, అంతకు ముందు నమోదైన స్కోర్లు ఇప్పటి మీ యంత్రానికి వర్తించవు. మెల్ట్‌డౌన్ ప్రభావం మన రెండు ప్రాసెసర్ల మీదా ఉంది. ఎల్ఎస్‌సీపీయూ చివర్లో ఏ లోపానికి ఏ రక్షణ పనిచేస్తోందో వరుసగా కనిపిస్తుంది, దాన్ని కూడా భద్రపరచుకోండి. 2019లో బయటపడిన ఎండీఎస్ అనే భద్రతా లోపాలకు పూర్తి రక్షణ కావాలనుకునేవారు ఐ5లో హైపర్ త్రెడింగ్‌ను (ఒక్కో కోర్ రెండేసి త్రెడ్‌లు నడిపే పద్ధతిని) ఆపివేస్తారు. అలా చేస్తే దాని నాలుగు త్రెడ్‌లు రెండవుతాయి. ఆ నిర్ణయం మీరు తీసుకుని ఉంటే కొలతలు కూడా ఆ స్థితిలోనే తీయాలి.

కొలవడానికి ముందు పరిస్థితులను సమం చేయాలి. ఒకే ఎస్ఎస్‌డీలో ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాన్నే ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం), ప్రోగ్రాముల వెర్షన్లు అప్పుడు వాటంతట అవే సమానమవుతాయి. మెమరీ ఎన్ని ఛానెళ్ళలో ఉందో చూడండి. ల్యాప్‌టాప్‌లో రెండు స్లాట్లుండి ఒక్కటే నిండి ఉంటే దాని మెమరీ వేగం సగానికి పడిపోతుంది. చాలా ఆటమ్ బోర్డుల మీద ఉండేదే ఒక్క స్లాటు. ల్యాప్‌టాప్‌ను దాని అసలు అడాప్టరుతోనే నడపండి. అడాప్టరును గుర్తించలేకపోతే, లేదా బ్యాటరీ లేకపోతే, కొన్ని ల్యాప్‌టాప్‌లు ప్రాసెసర్ వేగాన్ని కావాలనే బాగా తగ్గించేస్తాయి. అలాంటి కొలత ప్రాసెసర్‌ది కాదు, అడాప్టరుది. పదేళ్ళ నాటి థర్మల్ పేస్టు ఎండి పొడిబారి ఉంటుంది కనుక, దాన్ని తుడిచి కొత్తది రాసి, ఫ్యాన్ రెక్కల వెనక పేరుకున్న దుమ్ము తీసిన తర్వాతే ల్యాప్‌టాప్ తన అసలు బలాన్ని చూపిస్తుంది.

ఏ పరీక్షలు చేయాలి? సెవెన్ జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్‌ను ఒకసారి ఒకే త్రెడ్‌తో, మరోసారి అన్ని త్రెడ్‌లతో నడపండి. మన రెండు ప్రాసెసర్ల స్వభావం ఈ రెండు అంకెల్లోనే చాలావరకు బయటపడుతుంది. ఎన్‌క్రిప్షన్ వేగానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని స్పీడ్ పరీక్ష ఉంది. దాన్ని "ఈవీపీ" ఐచ్ఛికంతో నడపాలి, లేకపోతే పాత వెర్షన్లు ఏఈఎస్ సూచనలను వాడకుండానే కొలిచి తక్కువ అంకె చూపిస్తాయి. సిస్‌బెంచ్‌లోని సీపీయూ పరీక్ష బాగా ప్రచారంలో ఉన్నా, అది ప్రధాన సంఖ్యలను వెతుకుతూ ప్రధానంగా భాగహారం మీదే ఆధారపడుతుంది. మామూలు పనులకు దాన్ని ప్రతినిధిగా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. వీటన్నిటికంటే మీరు నిజంగా చేయబోయే పనే మంచి పరీక్ష: మీ ఫొటోల ఫోల్డరును కుదించడం, మీ ప్రోగ్రామును కంపైల్ చేయడం, మీ బ్యాకప్‌ను సరిచూడటం. ప్రతి పరీక్షనూ కొన్నిసార్లు నడిపి, డిస్క్ నుంచి చదవడం కలిసిపోయే మొదటి ఫలితాన్ని వదిలేసి, మిగిలిన వాటిలో మధ్య విలువను తీసుకోండి.

పాత యంత్రాల్లో తరచుగా తప్పిపోయే కొలత ఒకటుంది. మొదటి నిమిషపు వేగం, అరగంట తర్వాతి వేగం ఒకటి కాకపోవచ్చు. ఒక కిటికీలో అన్ని త్రెడ్‌లకూ భారం పెట్టి, పక్క కిటికీలో టర్బోస్టాట్ అనే లైనక్స్ ప్రోగ్రామును నడుపుతూ క్లాక్ వేగాన్నీ ఉష్ణోగ్రతనూ కనిపెట్టి ఉండండి. రెండు కోర్లూ పనిలో ఉన్నప్పుడు ఐ5-3320ఎం టర్బో హద్దు 3.1 గిగాహెర్ట్జ్. ఆరోగ్యంగా ఉన్న ల్యాప్‌టాప్ ఆ దరిదాపుల్లో నిలబడుతుంది. ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతూ వేగం 2.6కు, అంతకంటే కిందికి జారుతుంటే గాలి సరిగా ఆడటం లేదని అర్థం. ఆ చిప్ హద్దు 105 డిగ్రీలు. ఆటమ్‌కు టర్బో లేకపోవడం ఇక్కడ మేలవుతుంది: వేడిని బయటికి పంపే లోహపు పెట్టె సరిగా అమరి ఉంటే మొదటి నిమిషంలోనూ అరగంట తర్వాతా అదే 1.91 కనిపిస్తుంది. అందుకే భారం ఎంతసేపు ఉంటుందన్నది తెలియకుండా "ఐ5 ఇన్ని రెట్లు వేగం" అని చెప్పడం సరికాదు.

విద్యుత్తు, వేడి

టీడీపీ అన్నది చల్లబరచే ఏర్పాటును రూపొందించడానికి ఇచ్చే అంకె. యంత్రం గోడ నుంచి లాగే విద్యుత్తు దానికి భిన్నం. పైగా 35 వాట్లు, 10 వాట్లు అన్న పోలిక సమానుల మధ్య పోలిక కాదు: ఆటమ్ అంకెలో చిప్‌సెట్ పని కలిసి ఉంది, ఐ5 పక్కన ఉండే క్యూఎం77 చిప్‌సెట్‌కు మరో 4.1 వాట్లు విడిగా ఉన్నాయి. ప్లగ్గుకూ యంత్రానికీ మధ్య పెట్టే వాట్ మీటరు ఒకటి సంపాదించి, యంత్రం ఊరికే ఉన్నప్పుడు, మామూలు పనిలో ఉన్నప్పుడు, పూర్తి భారంలో ఉన్నప్పుడు మూడు కొలతలు తీయండి. ల్యాప్‌టాప్‌ను కొలిచేటప్పుడు బ్యాటరీ పూర్తిగా నిండి ఉండాలి, తెర ఆర్పి ఉండాలి. లేకపోతే ఛార్జింగు, తెర వెలుగు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి.

ఈ అంకెలతో ఏం చేయాలో చూపించడానికి కొన్ని విలువలు ఊహించుకుందాం. గంటకోసారి వచ్చే ఒక పనిని ఐ5 యంత్రం 45 వాట్లతో 10 నిమిషాల్లో, ఆటమ్ యంత్రం 16 వాట్లతో 22 నిమిషాల్లో ముగిస్తాయనుకోండి. పని వరకు ఐ5 ఖర్చు 7.5 వాట్-అవర్లు, ఆటమ్ ఖర్చు 5.9. తేడా పెద్దది కాదు. మిగిలిన సమయంలో ఐ5 12 వాట్లతో, ఆటమ్ 7 వాట్లతో ఊరికే ఉంటాయనుకుంటే, గంట మొత్తానికి ఐ5కు 17.5, ఆటమ్‌కు 10.3 వాట్-అవర్లు అవుతాయి. ఐ5 వాడిన దానిలో సగానికి పైగా ఖాళీగా ఉన్నప్పుడే పోయింది. కాబట్టి రోజంతా ఆన్‌లో ఉండే యంత్రానికి ఖాళీ సమయపు కొలతే అన్నిటికంటే ముఖ్యమైనది. ఇరవై వాట్ల తేడా ఏడాది పొడవునా నిలిస్తే అది 175 యూనిట్ల విద్యుత్తు అవుతుంది. పనున్నప్పుడే తెరిచి, అయిపోగానే మూసే యంత్రానికైతే ఈ లెక్కకు ప్రాధాన్యమే లేదు. అక్కడ వేగం వైపే మొగ్గాలి.

వేడిని తట్టుకోవడంలో ఆటమ్‌ది పూర్తిగా వేరే తరగతి. దాని చిప్ మైనస్ 40 నుంచి 110 డిగ్రీల దాకా పనిచేయడానికి నిర్దేశితమైంది. ఫ్యాన్ లేకుండా, దుమ్ము నిండిన చోట, మూసిన పెట్టెలో ఉండాల్సిన యంత్రానికి ల్యాప్‌టాప్‌ను ఆలోచించకపోవడమే మంచిది.

వయసు తెచ్చే సమస్యలు

ఇందాక రాసి పెట్టుకున్న స్టెప్పింగ్ అంకె ఇక్కడ అవసరపడుతుంది. ఇంటెల్ ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ తెలిసిన లోపాల పట్టికను ప్రచురిస్తుంది. ఈ3800 వరుస పట్టికలో ఒక తీవ్రమైన విషయం ఉంది: ఏళ్ళ తరబడి ఎక్కువగా వాడిన చిప్‌లో ఎల్‌పీసీ (బయోస్ చిప్ వంటివాటిని కలిపే దారి), యూఎస్‌బీ, ఎస్‌డీ కార్డు విభాగాల సర్క్యూట్లు క్షీణించి, యంత్రం బూట్ కాకుండా పోయే అవకాశం ఉందని అది చెబుతుంది. ఇదే కోవకు చెందిన లోపం ఆటమ్ సీ2000 సర్వర్ చిప్‌లలో ఉన్నట్టు 2017లో బయటపడి చాలా నెట్‌వర్క్ పరికరాలను ఇబ్బంది పెట్టింది. మీ బోర్డు మీది చిప్ ఏ స్టెప్పింగుదో ఆ పట్టికతో సరిచూసుకోండి. అంతకు ముందు అది ఎక్కడ, ఎంతకాలం, ఎంత భారంతో నడిచిందో కూడా వీలైతే తెలుసుకోండి.

లైనక్స్ నడిపే బే ట్రెయిల్ యంత్రాలు ఏ సందేశమూ లేకుండా ఉన్నట్టుండి స్తంభించిపోయే సమస్య కూడా ప్రసిద్ధమైనదే. ప్రాసెసర్ గాఢ నిద్ర స్థితుల్లోకి వెళ్ళి రావడంతో దానికి సంబంధముంది. కెర్నల్‌కు బూట్ సమయంలో ఇచ్చే మ్యాక్స్ సీస్టేట్ (ఎంత గాఢ నిద్రకు వెళ్ళవచ్చో చెప్పే) విలువను 1కి పరిమితం చేయడం దానికి వాడుకలో ఉన్న ఉపాయం. మీ యంత్రానికి ఆ ఉపాయం అవసరమైతే, ఖాళీ సమయపు విద్యుత్తును దాని తర్వాత మళ్ళీ కొలవాలి, ఎందుకంటే గాఢ నిద్ర పోగానే ఆటమ్ పొదుపులో కొంత భాగం కూడా పోతుంది.

ల్యాప్‌టాప్ వైపు బలహీనత బ్యాటరీ. కరెంటు పోయినప్పుడు అది ఆదుకుంటుందన్నది నిజమే గానీ, ఏళ్ళ తరబడి నిండుగా, వెచ్చగా ఉంచిన పాత బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. సర్వరుగా మార్చదలిస్తే బయోస్‌లో ఛార్జింగు హద్దు పెట్టే వీలుందేమో చూడండి. లేకపోతే బ్యాటరీ తీసేసి, వేగం తగ్గిపోలేదని టర్బోస్టాట్‌లో నిర్ధారించుకుని నడపండి.

పనిని బట్టి నిర్ణయం

వర్చువల్ మెషిన్లు, కంపైలింగు, బ్రౌజరులో రోజంతా పని, ఏవీఎక్స్ కోరే డేటాబేసులు ఉంటే ఐ5 తప్ప మార్గం లేదు. నిదానంగా, నిశ్శబ్దంగా, ఏడాది పొడవునా నడవాల్సిన ఫైల్ సర్వరుకు, సెన్సర్ల సమాచారం పోగుచేసే పెట్టెకు, ఈసీసీ ఉన్న ఆటమ్ బోర్డు దొరికితే దాన్నే ఎంచుకుంటాను.

ఫైర్‌వాల్ విషయం కొంచెం సూక్ష్మమైనది. ల్యాప్‌టాప్‌కు సాధారణంగా ఒకే నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది, యూఎస్‌బీ అడాప్టరుతో రెండోది తగిలించి ఫైర్‌వాల్‌ను నమ్మకంగా నడపడం కష్టం. ఆటమ్ బోర్డులు రెండు, నాలుగు పోర్టులతో కూడా వస్తాయి. అయితే యూజర్‌స్పేస్‌లో (కెర్నల్ బయట) నడిచే సంప్రదాయ ఓపెన్‌వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఎన్‌క్రిప్ట్ చేసిన దారి వేసే ప్రోగ్రాము) ఒకే త్రెడ్ మీద ఆధారపడుతుంది కనుక ఆటమ్ మీద దాని వేగం పరిమితంగానే ఉంటుంది. అక్కడ అదే పని చేసే వైర్‌గార్డ్‌కు మారడం మేలు. అది పనిని కోర్ల మధ్య పంచుతుంది, చాచా20 ఎన్‌క్రిప్షన్‌ను వాడుతుంది కనుక ఏఈఎస్ సూచనలు లేని జే1900 వంటి చిప్‌లకు కూడా అనువైనది.

కొలతలన్నీ అయ్యాక కూడా రెండూ సరిసమానంగా తేలితే, విడిభాగాలు చూసి నిర్ణయించండి. ల్యాప్‌టాప్ ఫ్యాన్, అడాప్టరు ఆ మోడల్‌కు మాత్రమే సరిపోయేవి అయి ఉంటాయి. ఎంబెడెడ్ బోర్డులు చాలావరకు 12 వోల్టుల మామూలు అడాప్టరుతో నడుస్తాయి, వాటికి ఫ్యాన్ ఉండదు. అడాప్టరు మార్చేటప్పుడు బోర్డు మీద ముద్రించిన వోల్టేజీని, ప్లగ్ ధ్రువాలను తప్పనిసరిగా సరిచూసుకోండి.